స్ఫటికాన్ని అడ్డంగా పెట్టినా లూప్ ఎందుకు?

ప్రశ్న: కోబాల్ట్, టిన్, సల్ఫర్ 3:2:2 పాళ్లలో ఉన్న వైల్ సెమీమెటల్ (ఎలక్ట్రాన్ శక్తి పట్టీలు కొన్ని బిందువుల దగ్గర మాత్రమే కలిసే పదార్థం) స్ఫటికపు పలకను (10 మిల్లీగ్రాములు) స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లో (అతి చిన్న అయస్కాంతత్వాన్నీ కొలిచే పరికరం) 7 టెస్లాల అయస్కాంత క్షేత్రం దాకా కొలుస్తున్నాను. క్షేత్రం పలకకు లంబంగా ఉంటే మంచి హిస్టెరిసిస్ లూప్ (క్షేత్రాన్ని పెంచి తగ్గించినప్పుడు అయస్కాంతీకరణ వేర్వేరు దారుల్లో నడిచి గీసే వలయం) వస్తోంది. పలక వెంబడి పెడితే వాలు గీతతో పాటు చిన్న లూప్ కూడా కనిపిస్తోంది. మలినమా?
- పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: మలినం కన్నా ముందు కోణాన్ని అనుమానించండి. ఈ పదార్థంలో 177 కెల్విన్ల కింద కోబాల్ట్ స్పిన్‌లు (పరమాణువుల చిట్టి అయస్కాంతాలు) కగోమే పొరలకు (పలకకు సమాంతరంగా, పరమాణువులు త్రిభుజాల అల్లికలా అమరిన పొరలు) లంబంగా, సి-అక్షం వెంబడి నిలబడతాయి. వాటిని పూర్తిగా పొరలోకి వంచాలంటే 20 టెస్లాలకు పైనే కావాలి. మీ 7 టెస్లాలతో అవి కొంత వాలతాయి, అంతే. మీకు కనిపించే వాలు గీత అదే. స్ఫటికం 3 డిగ్రీలు పక్కకు ఒరిగినా సి-అక్షపు అయస్కాంతీకరణలో 5 శాతం మీ కొలతలోకి వచ్చేస్తుంది.

తేల్చుకోవడానికి లూప్ ఎక్కడ తిరగబడుతోందో చూడండి. డొమైన్లను (స్పిన్‌లన్నీ ఒకే దిక్కున ఉన్న ప్రాంతాలను) తిప్పేది క్షేత్రంలో సి-అక్షం వెంబడి ఉన్న భాగమే. కాబట్టి 3 డిగ్రీల తేడా ఉంటే, లంబంగా పెట్టినప్పటి కన్నా దాదాపు 19 రెట్ల క్షేత్రం దగ్గర తిరగబడాలి: అక్కడ 0.2 టెస్లా అయితే ఇక్కడ సుమారు 4. అలా కాక రెండు చోట్లా ఒకే క్షేత్రం దగ్గర తిరగబడుతుంటే, వేరే దిక్కుకు పెరిగిన చిన్న రేణువు అంటుకుని ఉందని అనుమానించాలి. లావే ఎక్స్-రే చిత్రంలో (స్ఫటికం ఏ దిక్కున ఉందో చూపే చుక్కల చిత్రం) అది బయటపడుతుంది.

ఒరగడానికి కారణం చాలాసార్లు టార్కే (క్షేత్రం స్ఫటికాన్ని తిప్పే బలం). సంతృప్త స్థితిలో మీ స్ఫటికపు మొమెంట్ (మొత్తం అయస్కాంతత్వం) సుమారు 0.1 ఈఎంయూ (దాని కొలమానం). 7 టెస్లాల అడ్డ క్షేత్రంలో దాని మీద 0.7 మిల్లీ న్యూటన్-మీటర్ దాకా టార్క్ పడుతుంది. ప్లాస్టిక్ స్ట్రా దానికి ఆగదు. క్వార్ట్‌జ్ కడ్డీ చదును ముఖానికి జీఈ వార్నిష్‌తో (అతి చల్లదనంలోనూ పట్టు విడవని జిగురు) అతికించి, పూర్తిగా ఆరాకే చల్లబరచండి. 1-2 మిల్లీగ్రాముల ముక్క చాలు, స్క్విడ్‌కు ఆ సంకేతం ధారాళం. నడిరేఖ నుంచి పక్కకు జరగకుండా చూడండి. జరిగితే సంకేతాన్ని పట్టే కాయిల్స్‌కు అడ్డంగా ఉన్న పెద్ద మొమెంట్ దొంగ సంకేతం ఇస్తుంది. పలుచని పలకకు క్షేత్రం లంబంగా ఉన్నప్పుడు డీమాగ్నెటైజింగ్ క్షేత్రం (పలక సొంత అయస్కాంతత్వం లోపల పుట్టించే ఎదురు క్షేత్రం) 0.09 టెస్లా దాకా ఉంటుంది, లెక్కలో దాన్ని తీసేయడం మరవకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. శక్తి పట్టీలు (బ్యాండ్లు) కలిసే వైల్ బిందువుల స్థానం స్పిన్‌ల దిక్కును బట్టి మారుతుంది, క్షేత్రం దిక్కును బట్టి నేరుగా కాదు. మీరు క్షేత్రాన్ని 90 డిగ్రీలు తిప్పారు; స్పిన్‌లు ఇంకా చాలావరకు సి-అక్షం దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఈ కొలతతో ‘బ్యాండ్లు మారాయి’ అని రాయకండి. దిక్కు మార్చి చూడాలన్నదే మీ లక్ష్యమైతే మాంగనీస్-టిన్ (3:1) స్ఫటికం తీసుకోండి. అందులో స్పిన్‌లు పొరలోనే 120 డిగ్రీల ఎడంతో అమరి, ఒక్కో మాంగనీస్ పరమాణువుకు సుమారు 0.002 బోర్ మాగ్నెటాన్ల (పరమాణు మొమెంట్‌కు కొలమానం) నికర మొమెంటే మిగులుతుంది. అయినా గది ఉష్ణోగ్రతలో కొన్ని వందల ఆయిర్‌స్టెడ్‌ల (టెస్లాలో కొన్ని వందో వంతుల) క్షేత్రంతోనే ఆ అమరిక అంతా పొరలో తిరుగుతుంది. 2015లో టోక్యో విశ్వవిద్యాలయంలో నకత్సుజి బృందం దానిలో పెద్ద అనామలస్ హాల్ ప్రభావాన్ని (పదార్థపు సొంత అయస్కాంత అమరిక వల్ల కరెంటుకు అడ్డంగా వోల్టేజీ పుట్టడం) చూపింది కూడా గది ఉష్ణోగ్రతలోనే.