కింగ్‌మేకర్‌లో యుద్ధాలు గెలిచినా రాజ్యం ఎందుకు కూలిపోతుందంటే

"పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అనే కంప్యూటర్ గేమ్ కొత్తగా మొదలుపెట్టాను. యుద్ధాలు బాగానే గెలుస్తున్నాను కానీ రాజ్యం నిలబడటం లేదు. కొత్తవాళ్ళు ముందుగా ఏం చూసుకోవాలి?" అని అడిగారు.

గేమ్‌లోని క్యాలెండర్ చూసుకోండి. నన్నడిగితే మిగతావన్నీ దాని తరవాతే. ఏ క్లాసు (అంటే పాత్ర చేసే వృత్తి) మంచిది, ఏ కత్తి పట్టాలి అన్నవాటితో ఈ గేమ్‌లో ఎవరి రాజ్యమూ కూలిపోదు. యూట్యూబ్‌లో వెతికితే అన్నీ 'బెస్ట్ బిల్డ్' వీడియోలే, అంటే పాత్రని ఎలా తయారుచేసుకోవాలో చెప్పేవే. గంటసేపు చూసినా, రోజుల్ని ఎలా ఖర్చుపెట్టాలో ఒక్క ముక్క చెప్పరు. కొత్తవాళ్ళని తప్పుదారి పట్టించేది అవే అని నా గట్టి నమ్మకం.

మాది శ్రీకాకుళం. ఒక సంక్రాంతికి మా అక్క కొడుకు పాలకొండ నుంచి వచ్చి, నా కంప్యూటర్‌లో ఈ గేమ్ మొదలుపెట్టాడు. తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు. చెయ్యి చాలా చురుకు. ఫాంగ్‌బెర్రీ గుహలో సాలీళ్ళ గుంపులు మీద పడితే కొత్తవాళ్ళందరూ అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే వాటి మీద కత్తులూ బాణాలూ దాదాపు పనిచేయవు. వీడు మాత్రం ఓలెగ్ వర్తక శిబిరంలో ఆల్కెమిస్ట్స్ ఫైర్ సీసాలు, అంటే విసిరితే మండేవి, ముందే కొనిపెట్టుకుని, దూరం నుంచి విసిరి కాల్చేశాడు. అది నేను చెప్పింది కాదు, వాడే కనిపెట్టాడు. దొంగల నాయకుడు స్టాగ్ లార్డ్‌ని కూడా ఓడించాడు. ఆ పనికి గేమ్ ఇచ్చేది 90 రోజులు. ఆ నాయకుడి కోటలోనే రాజధాని కట్టుకుని బారన్, అంటే ఆ ప్రాంతానికి ఏలిక, అయ్యాడు.

ఆ తరవాత వాడి పద్ధతి చూస్తుంటే నాకు టెన్షన్ మొదలైంది. ప్రతి చిన్న గొడవ తరవాతా క్యాంపు వేసి పడుకోబెడుతున్నాడు. క్యాంపులో తినే రేషన్లు కొనకుండా తన జట్టుని వేటకి పంపుతున్నాడు, దానికి ఇంకొన్ని గంటలు పోతాయి. చచ్చిన ప్రతి దొంగ దగ్గరా ఉన్న తుప్పు కత్తులన్నీ మూట కట్టుకుంటున్నాడు. బరువు పెరిగితే మ్యాప్ మీద నడక మందగిస్తుంది. ఒక రోజులో చేరాల్సిన చోటికి రెండు రోజులు. ఇంత చేసి రాజధానికి వచ్చేసరికి టేబుల్ మీద సమస్యల కార్డులు పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కో దాని మీదా ఎన్ని రోజులు మిగిలాయో రాసే ఉంటుంది. వాటికి సలహాదారుల్ని పెట్టకుండా, ఒక శాఖకి ర్యాంకు పెంచే పని నొక్కేశాడు. ఆ పనికి రాజు 14 రోజులు రాజధానిలోనే కూర్చోవాలి. రోజులు గిర్రున తిరిగిపోయాయి. ఎవరినీ పెట్టని కార్డులు గడువు దాటి ఒకటొకటిగా ఫెయిలయ్యాయి. ప్రజల అశాంతి మెట్టు మెట్టుగా పెరిగింది. వాడు ఇంకా అడవులు తిరుగుతూనే ఉన్నాడు. చివరికి రాజ్యం పోయిందని తెర మీద పడింది.

అరిసెల నూనె అంటిన చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. "అదేటి మావా! నేనొక్క యుద్ధం కూడా ఓడిపోనేదు కదా, రాజ్యం ఎలా పోయింది?" అన్నాడు.

మా నాన్న అక్కడే కూర్చుని అంతా చూస్తున్నారు. ఆయనకి ఈ గేములేవీ తెలియవు. "ఉభాలకి అదను తప్పాక ఎంత ఎరువు వేస్తే ఏం లాభం రా" అన్నారు. ఉభాలంటే వరినాట్లు. వాడికి వెంటనే అర్థమైంది. పాత సేవ్ తెరిచి, నోటుబుక్కులో మూడు గీతలు గీశాడు: ఏ పని, గడువు ఎప్పుడు, ఎవరికి అప్పగించాను. అప్పటినుంచి వాడి రాజ్యం కూలిపోలేదు. పిల్లలు గేములతో పాడైపోతున్నారనే చుట్టాలకి ఆ నోటుబుక్కు చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది. స్కూల్లో ఎవరూ నేర్పని పద్ధతి అది. ఇలా ఓపికగా ఆడే గేములు పిల్లలకి మంచివే. చెడగొట్టేది ఆ రెండు నిమిషాల ఫోను గేములు. దీనిమీద నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

మీ విషయానికి వస్తే, ముందు ప్రధాన కథలోని గండం గట్టెక్కించండి. ట్రోల్‌ల (రాక్షసుల్లాంటి జీవుల) అధ్యాయం వచ్చిందంటే అది పూర్తయ్యేదాకా ఊళ్ళు తిరగడాలు మానండి. జర్నల్‌లో గడువు కనిపిస్తూనే ఉంటుంది. ఆ గండం దాటాక తరవాతిది వచ్చేలోపు తీరిక దొరుకుతుంది చూడండి, ర్యాంకులు పెంచడం, కొత్త ప్రాంతాలు కలుపుకోవడం లాంటి 14 రోజుల పనులన్నీ అప్పుడు పెట్టుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గండం నెత్తిన పెట్టుకుని రాజధానిలో కూర్చుంటారు.

సలహాదారుల కుర్చీలు ఖాళీగా ఉంచకండి. సరైన మనిషి దొరికేదాకా ఆగుదామనుకుంటే ఆ లోపల కార్డులు పోతాయి. మీ జట్టులోని లింజీని క్యూరేటర్‌గా, అంటే సంస్కృతి శాఖ చూసే సలహాదారుగా, పెట్టండి, ఆమె మీ వెంట తిరుగుతూ కూడా ఆ పని చేస్తుంది. బీపీలు, అంటే కట్టుబడికి వాడే పాయింట్లు, అడుగంటా ఖర్చుపెట్టకండి. మరీ తక్కువైతే రాజధానిలో వ్యాపారి దగ్గర బంగారం ఇచ్చి కొనుక్కోవచ్చు. ఆ తుప్పు కత్తులు వదిలేసి, మంచి వస్తువులే మోసి అమ్మితే ఆ బంగారం అదే వస్తుంది.

రాజ్యం నడపడం విసుగనిపిస్తే ఆటోలో పెట్టేయమని ఫ్రెండ్స్ సలహా ఇస్తారు. వద్దు. ఒకసారి ఆటోకి మార్చారంటే ఆ ఆటలో మళ్ళీ మీ చేతికి రాదు. కష్టంగా ఉంటే సెట్టింగ్స్‌లో రాజ్యం కష్టస్థాయిని మాత్రం తగ్గించుకోండి, యుద్ధాలది అలాగే ఉంచుకోవచ్చు. యుద్ధాలే కంగారు పెడుతుంటే, వంతులవారీగా ఆడే పద్ధతి 2020 నుంచి గేమ్‌లోనే ఉంది, అది ఆన్ చేసుకోండి. ట్రోల్‌లని నిప్పుతోనో యాసిడ్‌తోనో తప్ప పూర్తిగా చంపలేరు, లేచి కూర్చుంటాయి. కాబట్టి ఆ సీసాలు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

ఇంకొకటి, మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, వేసవిలో అయితే మరీను. ఆటోసేవ్ మీద ఆధారపడకండి. 14 రోజుల పని నొక్కే ముందు ప్రతిసారీ కొత్త పేరుతో వేరే సేవ్ చేసుకోండి, ఆ పేరులోనే అధ్యాయమూ గేమ్ తేదీ రాయండి. రాజ్యం దారి తప్పిందని తెలిసేది చాలా ఆలస్యంగా. అప్పుడు ఎక్కడికి వెనక్కి వెళ్ళాలో ఆ పేర్లు చూస్తే తెలిసిపోతుంది.