బావి తవ్వగానే చమురు దొరికిందని ఎలా తెలుస్తుంది?

బావి తవ్విన చోట కొత్త చమురు క్షేత్రం బయటపడిందని అక్కడి భూగర్భ శాస్త్రవేత్తలకు వెంటనే ఎలా తెలుస్తుందని అడిగారు. వెంటనే తెలియదు. సినిమాల్లోలాగా నల్లటి చమురు ఆకాశానికి ఎగజిమ్మడం అదృష్టం కాదు, ప్రమాదం. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండడం చూసిన కోనసీమవారికి ఆ సంగతి బాగా తెలుసు.

ఉస్మానియాలో చదువుకుని గోదావరి జిల్లాల్లో రిగ్గుల మీద పనిచేసినవాడిని కనుక, ఒక రాత్రి సంగతి చెబుతాను. తవ్వేటప్పుడు బావిలోకి పంపే డ్రిల్లింగ్ బురదతో పైకి కొట్టుకువచ్చిన రాతి ముక్కలను జల్లెడ దగ్గర పట్టి, కడిగి, అతినీలలోహిత దీపం ఉన్న పెట్టెలో పెట్టి చూస్తే, ఇసుకరాతి రేణువులు కొన్ని లేత పసుపుగా మెరిశాయి. అప్పుడు నా ట్రేలో ఉన్నది, తొలిచే ముక్కు గంట క్రితమే దాటిపోయిన పొర. పైపుల మరలకు పూసే గ్రీజు కూడా చమురులాగే ఆ వెలుగులో మెరుస్తుంది కనుక, ఒక రేణువును నలిపి ద్రావకం చుక్క వేశాను. రేణువులోని చమురు కరిగి నీలి తెలుపు పోగులుగా మెల్లగా బయటికి పాకింది. డ్రిల్లరు టీ గ్లాసుతో వచ్చి, "తగిలిందా సార్?" అన్నాడు. "జాడ తగిలింది, చమురు కాదు" అన్నాను. తరువాత రాతి గుణాలను కొలిచే లాగింగ్ పరికరాలు బావిలోకి దింపితే ఆ రాతి రంధ్రాల్లో ఉన్నది చాలామటుకు నీరేనని తేలింది, బావిని సిమెంటుతో మూసేశారు.

చమురు పుట్టే బంకరాయి, అది చేరి నిలిచే ఇసుకరాయి, పైన కదలనివ్వని మూత, ఈ మూడూ సరైన వరుసలో, సరైన కాలంలో కుదరాలి. నేలలోకి కంపనాలు పంపి వాటి ప్రతిధ్వనులను నమోదు చేసే భూకంపన సర్వే మనకు ప్రధానంగా పొరల ఆకారాన్నే చూపుతుంది. లోపల ఏముందో బావే చెప్పాలి. చమురు నిజంగా ప్రవహిస్తుందో లేదో పరీక్షించి, చుట్టూ మరికొన్ని బావులు తవ్వి హద్దులు తేల్చాకే దానిని క్షేత్రం అనాలి. కృష్ణా గోదావరి తీరానికి ఆవల సముద్రంలోని రవ్వ చమురు క్షేత్రం 1987లో కనబడితే ఉత్పత్తి 1993లో మొదలైంది. పత్రికలకు అంత ఓపిక లేదు, తొలి బావి నాడే నిక్షేపాల లెక్క అచ్చువేస్తాయి. అదే కృష్ణా గోదావరి (కేజీ) తీర సముద్రంలోని డీ6 బ్లాకులో 2002లో గ్యాస్ దొరికినప్పుడు ఎంత హడావుడి చేశారో, 2009లో మొదలైన ఉత్పత్తి కొద్ది కాలానికే తగ్గిపోయినప్పుడు దాన్ని అంత పెద్ద అక్షరాల్లో వేయలేదు.

ఇక హైదరాబాదులో ఇంటి బోరు నీటిపై నూనె తెట్టు కట్టిందని సీసాల్లో పట్టుకొచ్చేవారికి ఒక మాట. మన కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. చమురు పుట్టే అవక్షేపాలు ఇక్కడ లేవు. ఆ తెట్టును పుల్లతో కదిలించండి: పెంకుల్లా విడిపోయి మళ్లీ కలవకపోతే అది ఇనుప బాక్టీరియా పని. విడిపోయినా వెంటనే కలిసిపోతే, దగ్గరలోని పెట్రోల్ బంకు ట్యాంకు కారుతోందేమో ముందు విచారించండి.