పదేళ్ల సపోర్ట్ అన్నారు, ఎవరిస్తారు?

ప్రశ్న: మా ఆఫీసు సర్వర్లు ఇంకా సెంటాస్ 7 అనే ఉచిత లినక్స్ మీదే నడుస్తున్నాయి. మార్చాలంటే ఒకరు ఉబుంటు అంటారు, ఒకరు డెబియన్, ఇంకొకరు రాకీ. అందరూ అయిదేళ్లు, పదేళ్లు సపోర్ట్ అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ముందు ఆ అంకెల్ని పక్కన పెట్టి, అన్నేళ్లూ కూర్చుని ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే సవరణలు) తయారుచేసేది ఎవరు, వాళ్ల జీతాలు ఎక్కణ్ణుంచి వస్తాయి అని చూడండి. సెంటాస్ అంటే రెడ్ హ్యాట్ కంపెనీ అమ్మే లినక్స్‌కి ఉచిత నకలు. సెంటాస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనే అందరూ అనుకున్నారు, కానీ 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ ఒక్క ప్రకటనతో ఆ గడువును 2021 చివరికి లాగేసింది. డబ్బు కట్టి ఒప్పందం రాసుకున్నవాళ్లు ఎవరూ లేరు కాబట్టి తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేకపోయింది. (మీ 7ని మాత్రం చెప్పిన తేదీ దాకా, 2024 జూన్ 30 వరకు, నడిపారు.)

ఆ ఖాళీలోకే 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. 2023లో రెడ్ హ్యాట్ తన సోర్స్ కోడ్‌ని అందరికీ పెట్టడం తగ్గించేసరికి ఇద్దరి దారులూ వేరయ్యాయి. రాకీ అచ్చుగుద్దినట్టు రెడ్ హ్యాట్ లినక్స్‌నే ఇస్తానంటుంది, ఆల్మా మాత్రం అక్కడ నడిచే ప్రోగ్రాములు ఇక్కడా నడిస్తే చాలంటుంది. నాకు ఆల్మా పద్ధతే నచ్చింది, ఎందుకంటే అవసరమైతే రెడ్ హ్యాట్ కోసం ఆగకుండా తనే ప్యాచ్ ఇవ్వగలదు.

ఉబుంటు అయిదేళ్ల మాటలో ఒక మెలిక ఉంది, చాలామంది చూడరు. ఆ హామీ 'మెయిన్' భాగంలోని ప్యాకేజీలకే. 'యూనివర్స్'లో ఉన్న వేలకొద్దీ ప్యాకేజీలకి కూడా భద్రతా ప్యాచ్‌లు తప్పకుండా కావాలంటే ఉబుంటు ప్రో తీసుకోవాలి, దాంతో పదేళ్లు వస్తుంది. సొంతానికి అయిదు మెషీన్ల వరకు ఫ్రీ, అంతకు మించి ఆఫీసు సర్వర్లుంటే డబ్బు కట్టాలి. డెబియన్‌లో మొదటి మూడేళ్లు వాళ్ల సెక్యూరిటీ టీమ్ చూస్తుంది, తర్వాతి రెండేళ్లు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) టీమ్, వాళ్ల పనికి కొన్ని కంపెనీలు డబ్బిస్తాయి. ఒక్క యజమాని చేతిలో లేకపోవడమే దాని బలం.

మీ వాళ్లకి యమ్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్), ఎస్‌ఈలినక్స్ (భద్రతా నియంత్రణ) అలవాటే కాబట్టి ఆల్మా 9కి వెళ్లండి, 2032 దాకా నడుస్తుంది. ఆల్మా వాళ్ల ఎలివేట్ అనే టూల్ 7 నుంచి 8కి, అక్కణ్ణుంచి 9కి తీసుకెళ్తుంది, కానీ డేటాబేస్ సర్వర్ అయితే కొత్త మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేసి డేటా మార్చుకోవడమే నయం. సర్వర్లు మరీ పాతవైతే ప్రాసెసర్ కూడా చూసుకోండి, ఎక్స్86-64-వి2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ లేని పాత చిప్ మీద 9 అసలు బూటే కాదు.

ప్రశ్న: ఎల్‌టీఎస్ వాడుతున్నా మా స్కానర్ 'పాత ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్, ప్రమాదం' అని మా ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని ఎర్రగా చూపిస్తోంది. టెన్షన్ పడాలా?

జవాబు: అక్కర్లేదు, చాలాసార్లు అది ఉత్తుత్తి అలారమే. ఎల్‌టీఎస్‌లో వెర్షన్ మార్చరు, కొత్త వెర్షన్‌లోని ఆ ఒక్క సవరణని పాతదాంట్లోకి తెచ్చి కలుపుతారు, అందుకే ముందున్న నంబరు కదలదు. స్కానర్ ఆ నంబరే చదివి కేకలు పెడుతుంది. అది చూపించిన సీవీఈ నంబరుని (ఒక్కో భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మీ డిస్ట్రో, అంటే మీరు వాడే లినక్స్, సెక్యూరిటీ పేజీలో వెతికి, సరిచేశామని ఏ ప్యాకేజీ రివిజన్ దగ్గర రాశారో చూసి, మీ దగ్గరున్నదాంతో పోల్చండి. మీది వెనకబడి ఉంటే అప్పుడు అప్‌డేట్ కొట్టండి.