ఎడ్నా ఓబ్రయన్ నవలలను ఐర్లండ్‌లో ఎందుకు నిషేధించారు? ఆమెను ఏ పుస్తకంతో చదవడం మొదలుపెట్టాలి?

ఉద్యోగరీత్యా ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉంటూ అక్కడి లైబ్రరీ పాఠకుల బృందంలో ఈ రచయిత్రి పుస్తకాలను చదివాను కనుక, ఆ అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

ఎడ్నా ఓబ్రయన్ 1930లో క్లేర్ కౌంటీలోని ట్యూమ్‌గ్రేనీ గ్రామంలో, తాగుడుతో ఆస్తిని కరగదీసిన తండ్రికీ, భక్తురాలైన తల్లికీ పుట్టారు. కాన్వెంటు చదువు ముగించి, డబ్లిన్‌లో మందుల దుకాణంలో పనిచేస్తూనే ఫార్మసీ చదివారు. 1954లో రచయిత ఎర్నెస్ట్ గెబ్లర్‌ను పెళ్లాడి, కొన్నేళ్లకు లండన్ చేరాక, మూడు వారాల్లో రాసిన తొలి నవల ‘ది కంట్రీ గర్ల్స్’ 1960లో వెలువడింది. ఐర్లండ్ సెన్సార్‌షిప్ బోర్డు దాన్ని అశ్లీలమంటూ వెంటనే నిషేధించింది. ఆ తరువాత వచ్చిన మరికొన్ని నవలలకూ అదే గతి పట్టింది.

ఇప్పుడు చదివేవారికి అందులో అశ్లీలం కనిపించకపోవడం సహజమే. నా అభిప్రాయంలో బోర్డుకు మింగుడుపడనిది శృంగారం ఒక్కటే కాదు. ఒక పల్లెటూరి ఆడపిల్ల తన ఇంటి గుట్టును తన నోటితోనే చెప్పడం. నవల మొదటి వాక్యాలనే చూడండి: కథ చెప్పే అమ్మాయి కాత్లీన్ ఉలిక్కిపడి నిద్రలేస్తుంది, గుండె ఎందుకు దడదడలాడుతోందో క్షణంపాటు అర్థం కాదు, ఆపైన గుర్తొస్తుంది, రాత్రి నాన్న ఇంటికి రాలేదని. ఆ కాలపు ఐర్లండ్‌లో ఎన్నో ఇళ్లకు తెలిసిన ఈ భయాన్ని అచ్చులో పెట్టడమే పెద్ద తెగువ. మా బృందంలోని ఒక పెద్దావిడ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన చుట్టాల పెట్టెలో బట్టల మధ్య ఈ పుస్తకం తమ ఇంటికి చేరిందనీ, అక్కాచెల్లెళ్లు వంతులవారీగా చదివారనీ చెప్పినప్పుడు, నిషేధం పాఠకులను ఆపలేకపోయిందని నాకు తెలిసింది.

ఆ నిషేధం కన్నా నన్ను ఎక్కువగా బాధించేది ఆమె తల్లి చేసిన పని. తల్లి మరణించాక, తాను ఇచ్చిన ‘ది కంట్రీ గర్ల్స్’ పుస్తకం ఒక దిండు గలీబులో దాచి ఉండటం ఎడ్నాకు కనిపించింది. అంకితం రాసిన పేజీ చింపేసి ఉంది, అభ్యంతరకరమనిపించిన మాటలపై నల్ల సిరా పూసి ఉంది. ఆమె కథల్లో తల్లీకూతుళ్ల మధ్య ప్రేమ, ఊపిరాడనితనం విడదీయరానంతగా పెనవేసుకుని ఎందుకుంటాయో ఈ ఒక్క విషయం చెబుతుంది. ఇంట్లో భర్త కూడా ఆమె ప్రతిభను సహించలేకపోయాడు. విడిపోయాక ఇద్దరు కొడుకుల కోసం ఆమె న్యాయపోరాటం చేయవలసి వచ్చింది.

ఆమెను ఆ తొలి నవలలకే పరిమితం చేయడం అన్యాయం. పరారీలో ఉన్న సాయుధుడికీ, ఒంటరి వృద్ధురాలికీ మధ్య ఏర్పడే బంధాన్ని 1994 నాటి ‘హౌస్ ఆఫ్ స్ప్లెండిడ్ ఐసొలేషన్’లో రాశారు. తొంభైకి చేరువైన వయసులో నైజీరియా వెళ్లి, బోకో హరామ్ ఉగ్రవాదులు ఎత్తుకుపోయిన బాలికల వేదనను విని, 2019లో ‘గర్ల్’ రాశారు. నిషేధించిన దేశమే 2015లో ఆమెకు కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవమైన ‘సీ’ బిరుదునిచ్చింది. 2024 జులైలో లండన్‌లో కన్నుమూసిన ఆమెను లాక్ డెర్గ్ సరస్సులోని హోలీ ఐలండ్‌లో ఖననం చేశారు.

చదవడానికి ‘ది కంట్రీ గర్ల్స్’తోనే మొదలుపెట్టి, కాత్లీన్ కథను కొనసాగించే తరువాతి రెండింటితో కలిపి మూడు నవలలనూ వరుస తప్పకుండా చదవండి. 1980లలో చేర్చిన ఉపసంహారం ఉన్న, మూడు నవలలూ కలిపిన సంపుటినే ఎంచుకోండి. స్నేహితురాలు బాబా గొంతులో సాగే ఆ కొద్ది పేజీలు లేకపోతే కాత్లీన్ కథ సగంలో ఆగిపోయినట్టే.