టెక్ సందేహాలు: మీటరు ముల్లు పడిపోగానే సెన్సర్ మార్చేయకండి

సోంపేట నుంచి కిరాయి కారు నడిపే ఒక పాఠకుడు రాశారు: "నాది 2012 మోడల్ పెట్రోల్ కారు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు. వాన పడినా, గతుకులో పడినా స్పీడు ముల్లు సున్నాకి పడిపోతోంది, కాసేపటికి మళ్లీ లేస్తోంది. స్కానర్ పెడితే పీ0500 అని వచ్చింది. స్పీడు సెన్సర్ రెండుసార్లు మార్చారు, ఫలితం లేదు. ముల్లు పడినంతసేపూ కిలోమీటర్లు కూడా తిరగడం లేదు, కిరాయి లెక్క చెప్పలేకపోతున్నాను సార్."

మొదటి సెన్సర్ కొనకముందే మీ ఉత్తరం అంది ఉంటే బాగుండేది. చచ్చిపోయిన సెన్సర్ వానకీ ఎండకీ ఒకేలా ఉంటుంది. తడికో కుదుపుకో వచ్చిపోయే జబ్బయితే ముందు తీగనీ, తీగల్ని కలిపే ప్లగ్గు అయిన కప్లర్‌నీ అనుమానించాలి. పీ0500 అంటే వేగం సమాచారం కారులోని కంప్యూటరుకు సరిగా అందడం లేదని మాత్రమే. సెన్సర్ పోయినా, తీగ తెగినా, కప్లర్‌లో పిన్ను వదులైనా అదే కోడ్ వస్తుంది. దాన్ని "సెన్సర్ మార్చండి" అని చదువుకోవడంతోనే మీ డబ్బు పోయింది. దానితోపాటు పీ0503 కూడా కనిపిస్తే సంకేతం తెగి తెగి వస్తోందని అర్థం. అప్పుడు తీగ మీద అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

మీ కాలం కార్లలో ఈ సెన్సర్ చాలావరకు గేర్‌బాక్స్ మీద ఉంటుంది, మూడు తీగలతో. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, మూడోది సంకేతం. చక్రం తిరిగేకొద్దీ సంకేతం తీగ మీద వోల్టేజీ లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ లేచిపడటాన్నే లెక్కపెట్టి వేగం చూపిస్తారు. కాబట్టి కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు.

కప్లర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కరెంటు తీగకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలవండి. కారును బట్టి 12 వోల్టులో 5 వోల్టులో రావాలి. సంకేతం తీగ మీద కూడా చాలా కార్లలో 5 గానీ 12 గానీ కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని అవతలి నుంచి కంప్యూటరో మీటరో పంపుతుంది. అలాంటి కారులో సున్నా వస్తే తీగ తెగిందన్నా అనుకోవాలి, బాడీకి తగులుతోందన్నా అనుకోవాలి. ఎర్త్‌ని మాత్రం కప్లర్ తగిలించే చూడాలి: ఎర్త్ తీగకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు మించకూడదు. మించితే ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు ఉన్నట్టే. దీన్ని ఎవరూ చూడరు, ఎక్కువసార్లు దొరికే దొంగ ఇదే.

తర్వాత వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. ఉత్త జాకీని నమ్ముకుని కారు కిందకి దూరకండి. కప్లర్ తగిలించే ఉంచి వెనకవైపు నుంచి సంకేతం తీగకి తగిలేలా సన్నని పిన్ను పంపి, దానికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలుస్తూ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. రీడింగు సున్నాకి పడి మళ్లీ లేస్తూ ఉంటే సెన్సర్ బాగున్నట్టే. అప్పుడు తీగల కట్టని గేర్‌బాక్స్ దగ్గర్నుంచి డాష్‌బోర్డు దాకా జానెడు జానెడు చొప్పున కదుపుతూ మల్టీమీటరు మీద కన్నుంచండి. మీది వానకొచ్చే జబ్బు కాబట్టి కప్లర్ల మీద కాసిని నీళ్లు కూడా చల్లి చూడండి. రీడింగు ఎక్కడ తడబడితే జబ్బు అక్కడే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. షెడ్లలో టెస్ట్ ల్యాంపు సూదితో తీగ తొడుగుకి పొడిచి చూసే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. మీ ఊరికి బారువ తీరం ఎంతో దూరం లేదు. ఆ చిల్లులోంచి ఉప్పుగాలి దూరి, రాగి పోగుల వెంట లోపలికి పాకి పచ్చగా చిలుము పడుతుంది. పైన తొడుగు కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. మల్టీమీటరులో కంటిన్యూటీ (తీగ తెగిందో లేదో చూసే పరీక్ష) పెడితే, ఒక్క పోగు మిగిలినా బీప్ అంటుంది. నమ్మకండి. తీగ రెండు చివర్లూ పూర్తిగా విడదీసి, దాని గుండా 12 వోల్టుల చిన్న బల్బు వెలిగించండి. మసక వెలుగైతే లోపల రాగి తినేసినట్టే. చిలుము కనిపిస్తే మెరిసే రాగి వచ్చేదాకా కోసి, టంకం వేసి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వానాకాలం దాటదు.

నా కారుకే ఒకసారి ఇదే వచ్చింది. సంక్రాంతికి ఊళ్లో కల్లం పక్కన నాలుగు రోజులు నిలిపాను. తిరుగు ప్రయాణంలో నరసన్నపేట దాటగానే ముల్లు పడిపోయింది. బ్యాటరీ కింద ఎలుక సంకేతం తీగని సగం కొరికింది, తెగలేదు. రెండు రోజులు వెతికాను. అప్పటి నుంచి కోతల కాలంలో కారు తీసే ముందు బానెట్ ఎత్తి చూడకుండా కదలను.

బొబ్బిలి నుంచి: "2021 కారు, స్పీడు ఆగిపోవడంతో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలుగుతోంది."

మీది వేరే దారి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఇలాంటి చాలా కార్లలో వేగం లెక్క చక్రాల దగ్గరి సెన్సర్ల నుంచే వస్తుంది. ఏబీఎస్‌ని చదవగల స్కానర్‌తో ఏ చక్రమో తెలుసుకోండి. ముందు చక్రమైతే స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగే చోట తీగ చూడండి. ఈ సెన్సర్లని ఓమ్స్‌లో కొలిచి తేల్చకండి, కొత్త రకాల్లో ఆ అంకెకు అర్థం లేదు.

విజయనగరం నుంచి: "ఫోన్‌లో జీపీఎస్ 80 అంటే కారు మీటరు 84 అంటోంది. వైరింగ్ లోపమా?"

కాదు. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం చూపొచ్చు, పది శాతం మీద మరో 4 కిలోమీటర్ల దాకా. అంటే 80కి 92 వరకూ. మీకు వచ్చిన తేడా నాలుగే, వైరింగ్ జోలికి పోకండి.