గోల్డ్ రికార్డ్ అవార్డు: పాటల లెక్క కుదరకపోతే నకిలీయేనా?

మీరు కొనాలనుకుంటున్న గోల్డ్ రికార్డ్ అవార్డులో (ఆల్బమ్ బాగా అమ్ముడైనందుకు ఇచ్చే, ఫ్రేమ్ కట్టిన బంగారు రంగు డిస్క్) లేబుల్ మీద ఐదు పాటలుంటే డిస్క్ మీద గాడులు ఏడు పాటలకి కనిపిస్తున్నాయని, మోసపోతున్నానేమోనని రాశారు. దానికి టెన్షన్ పడకండి. అమెరికాలో ఆర్‌ఐఏఏ (అక్కడి రికార్డు కంపెనీల సంఘం) అవార్డులు తయారుచేసేవాళ్లు తరచూ చేతికందిన వేరే డిస్కుకే బంగారు రంగు పూత వేసి, పైన అవార్డు వచ్చిన ఆల్బమ్ లేబుల్ అతికించేవారు. అసలైన పాతవాటిలోనూ ఇది మామూలే.

నాకు అనుమానం వచ్చింది మీ ఫొటోలో మెరుస్తున్న హోలోగ్రామ్ చూసి. అవార్డు 1973 నాటిదని అమ్ముతున్నాయన చెప్పాడన్నారు. ఈ అవార్డుల మీద హోలోగ్రామ్‌లు వచ్చింది 1980ల మధ్యలో. 1973లో అయితే డిస్క్ వెనక తెల్లటి నార బట్ట, చుట్టూ చెక్క ఫ్రేమ్ ఉండాలి. పాత ఆల్బమ్‌కి తర్వాత చేయించిన అసలు అవార్డే కావచ్చు, నకిలీ కూడా కావచ్చు. ఏదైనా సరే, 1973 నాటి అసలు అవార్డుకి ఇచ్చే ధర మాత్రం దీనికి ఇవ్వకండి. ఫ్రేమ్ వెనక అంటించిన కాగితం దయచేసి చింపకండి, రేపు మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.