వంశస్థుల సంఘంలో ఆడపిల్లల సంతానానికి సభ్యత్వం: బైలా మార్చడం ఎలా?

అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో రిజిస్టరైన మా వంశస్థుల సంఘం బైలాలో (నియమావళిలో) ‘పురుష సంతతికే సభ్యత్వం’ అని ఉంది. 2005 చట్టం వచ్చాక కూతుళ్ళకూ హక్కు వచ్చినట్టే కదా?

రాలేదండీ. ఆ ఏడాది హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో వాటా గురించి. సంఘం సభ్యత్వం బైలా ప్రకారమే నడుస్తుంది. పార్సీల జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, అదీ 2005లోనే, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన బైలాను సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి మార్చాల్సింది సభ్యులే.

కమిటీ తీర్మానం ఒక్కటే సరిపోదు. సవరణ పాఠాన్ని నోటీసుతో పాటే పంపి, సర్వసభ్య సమావేశంలో అవసరమైన మెజారిటీతో ప్రత్యేక తీర్మానం చేసి, సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. నోటీసు అందలేదని ఒక్కరు కోర్టుకెక్కినా ఏళ్ళ తరబడి టెన్షన్.

అసలు కష్టం రుజువు దగ్గర వస్తుంది. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, మనవడి పేరులో వంశం ఆనవాలే ఉండదు. అందుకే ‘కూతుళ్ళ సంతానం కూడా’ అని రాసి ఊరుకోకండి. తల్లి స్కూల్ టీసీ, జనన ధ్రువపత్రం, అవి లేని పాత తరానికి తాతల పేర్లున్న శుభలేఖ, ఇలా ఏవి చెల్లుతాయో బైలాలోనే రాయండి. దత్తత పిల్లల మాటా అక్కడే తేల్చండి. ఓటు లేని ‘అసోసియేట్’ హోదా ఇద్దామని కొందరు రాజీకొస్తారు. నా మటుకు అది ఆడపిల్లల్ని గుమ్మంలో నిలబెట్టడమే, ఒప్పుకోకండి.